ఓటీపీ నేనే ఇచ్చాను, డబ్బు మొత్తం పోయినట్టేనా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల చెరువులు చేస్తాం. పట్టుబడి డబ్బు ఖాతాలో పడిన రోజే, పాన్ అప్‌డేట్ చేయకపోతే రాత్రికల్లా ఖాతా ఆగిపోతుందని బ్యాంకు పేరుతో ఈమెయిల్ వచ్చింది. టెన్షన్‌లో లింకు నొక్కి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేశాను. 40 వేలు పోయాయి. వెంటనే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి చెప్పాను. గంట తర్వాత మరో 60 వేలు పోయాయి. ఓటీపీ మీరే ఇచ్చారు కాబట్టి మాకు సంబంధం లేదంటున్నారు బ్యాంకువాళ్లు. నిజమేనా?

జవాబు: సగమే నిజమండి. రెండో సగంలోనే మీ 60 వేలు ఉన్నాయి.

రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు పాస్‌వర్డో ఓటీపీయో బయటపెట్టడం వల్ల డబ్బు పోతే, బ్యాంకుకి చెప్పేదాకా పోయినది అతని నష్టం, చెప్పాక పోయినది బ్యాంకు నష్టం. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే భారం కూడా బ్యాంకు మీదే ఉంది. కాబట్టి మీరు ఫోన్ చేసిన టైమే మీ కేసుకి ప్రాణం. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, కంప్లయింట్ నంబరు మెసేజ్ వచ్చి ఉంటే అదీ దాచండి. రెండు లావాదేవీల టైములూ, మధ్యలో మీరు ఫోన్ చేసిన టైమూ వేసి బ్రాంచిలో అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద సీలు వేయించుకోండి. చూస్తాంలెండి అన్న నోటిమాట విని తిరిగి వచ్చేయకండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా కాదన్నా సరే, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయరు కూడా అక్కర్లేదు.

మొదటి 40 వేలు కష్టమే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా చేయకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ ఫోన్ చేయండి, ఎందుకంటే డబ్బు ఇంకా ఏదో ఖాతాలో నిలిచి ఉంటేనే దాన్ని ఆపగలరు. మోసం చేసినవాళ్ల మీద ఐటీ చట్టం 66సి, 66డి సెక్షన్ల కింద కేసవుతుంది, మూడేళ్ల దాకా శిక్ష ఉంది.

మీరు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. లోగో అచ్చం బ్యాంకుదే, కానీ పంపినవారి పేరు కింద ఉన్నది మామూలు జీమెయిల్ అడ్రసు. లింకులో బ్యాంకు పేరు ఎక్కడో ఒకచోట ఉంటే చాలదు, సైటు పేరు దేనితో ముగుస్తుందో చూడాలి. 2025 అక్టోబర్ 31 కల్లా బ్యాంకులన్నీ తమ సైట్లను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కి మార్చాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మీ లింకులో సైటు పేరు చివర అది లేదు. ఆ మెయిల్‌ని మాత్రం డిలీట్ చేయకండి, అది సాక్ష్యం.

ఇంకో మాట, అర్జీలో ఓటీపీ ఇచ్చిన సంగతి దాచకండి. అది దాచారని తెలిస్తే, మీరు ఫోన్ చేశానన్నా నమ్మరు.