గడ్డి కోసే మిషన్ల రిపేరు పనిలో మా అబ్బాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. రెండేళ్లుగా తెలిసినవాళ్ల పెట్రోల్ గడ్డి మిషన్లు బాగుచేస్తున్నాడు. పోయిన నెల ఒకరి మిషన్ సరిగ్గా లాగడం లేదంటే కార్బురేటర్ స్క్రూ తిప్పి సరిచేశాడు. కాసేపు బ్రహ్మాండంగా నడిచి ఇంజన్ పట్టేసింది. నష్టం మేమే భరించాం. అయినా చదువు మానేసి ఇదే పని చేస్తానంటున్నాడు. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. మధ్యలో నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'కాసేపు బ్రహ్మాండంగా నడిచి' అన్న దగ్గర ఆగి మళ్లీ చదివాను. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఆరేళ్లు చిన్న ఇంజన్ల వర్క్‌షాపులో పనిచేశాను. పట్టేసే ముందు ఇంజన్ సరిగ్గా అలాగే నడుస్తుంది. అసలు అక్కడేం జరిగి ఉంటుందో ముందు చెబుతాను. మీవాడికి ఈ పని పనికొస్తుందా లేదా అన్నది అందులోనే తేలుతుంది.

చేత్తో పట్టుకుని, తిరిగే నైలాన్ దారంతో గడ్డి కోసే ఈ మిషన్లలో ఎక్కువ భాగం టూ స్ట్రోక్‌వి. ఇంజన్‌లో విడిగా ఆయిల్ ఉండదు. పెట్రోల్‌లో కలిపి పోసే ఆయిలే పిస్టన్‌కీ బేరింగులకీ దిక్కు. 50:1 అని మాన్యువల్‌లో ఉంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అని ఉంటే 40 మి.లీ. కలపాలి. పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపేది కార్బురేటర్. దాని మీద హెచ్ అని గుర్తున్న, ఎక్కువ వేగానికి పెట్రోల్ సర్దే స్క్రూ బిగించే కొద్దీ పెట్రోల్ తగ్గుతుంది. అప్పుడు ఇంజన్ స్పీడు పెరిగి, శబ్దం సన్నగా పదునెక్కుతుంది. 'ఆహా, బాగైంది' అనిపిస్తుంది. కానీ పెట్రోల్‌తోపాటు ఆయిల్ కూడా తగ్గింది, వేడి పెరిగింది. పిస్టన్ వ్యాకోచించి సిలిండర్ గోడను రాసుకుంటుంది, చివరికి అతుక్కుపోతుంది. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూడమనండి. పిస్టన్ మీద నిలువు గీతలు కనబడితే ఇదే జరిగిందని గట్టిగా అనుమానించవచ్చు.

మీవాడు అడగాల్సిన ప్రశ్న ఇంకా ముందుంది. ఆ మిషన్ మొదట ఎందుకు లాగలేదు? స్క్రూ తనంతట తాను తిరగదు కదా. నిన్నటిదాకా బాగా నడిచిన మిషన్ ఇవాళ మొరాయిస్తే, మారింది వేరే ఏదో. ట్యాంకు లోపల పైపు చివర ఉండే ఫిల్టర్ పూడుకుపోయిందా? ఆ పైపు ఎక్కడైనా పగిలి గాలి పీలుస్తోందా? ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండిందా? సైలెన్సర్‌లో నిప్పురవ్వలను ఆపే చిన్న జాలీ మసితో మూసుకుపోయినా ఫుల్ రేజ్‌లో బలం ఉండదు. ఐదు నిమిషాలు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత వదులు చేయగానే మళ్లీ నడిచిందంటే ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకున్నట్టు. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ వల్ల వచ్చే తంటాలైతే చెప్పనక్కర్లేదు. అందులో ఇథనాల్ ఉంటే తేమను పట్టుకుంటుంది, కార్బురేటర్‌లోని పల్చటి పొర (డయాఫ్రమ్) గట్టిపడిపోతుంది. అందుకే మిషన్‌ను పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అది ఆగేదాకా నడపాలి.

స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తేనే సగం సంగతి తెలుస్తుంది. కాఫీ పొడి రంగులో పొడిగా ఉంటే మంచిదే. నల్లగా తడిగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, తెల్లగా కాలినట్టుంటే తక్కువవుతోంది. ఇవన్నీ చూశాకే, అవసరమైతేనే, స్క్రూ జోలికి వెళ్లాలి. అదీ ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా, ఇంజన్ వేడిగా, నైలాన్ దారం పూర్తి పొడవుతో ఉన్నప్పుడు. మేం ముందు తక్కువ వేగానికి పెట్రోల్ సర్దే ఎల్ స్క్రూ, తర్వాత ఐడ్లింగ్ (రేజ్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం), చివర్లో హెచ్ సర్దేవాళ్లం. ఐడ్లింగ్‌లో దారం తిరగకూడదు. తిరిగితే ఐడ్లింగ్ ఎక్కువైనా ఉండాలి, క్లచ్ స్ప్రింగ్ అయినా పోయుండాలి. హెచ్ విషయంలో చెవిని నమ్మకుండా ఇంజన్ వేగాన్ని కొలిచే టాకోమీటర్ పెట్టి, మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠ వేగం దాటకుండా చూడాలి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఒక ఇంజన్ పాడుచేశాడని మీవాడిని ఈ పనికి పనికిరాడనుకోకండి. నేనూ పాడుచేశాను. ఆ ఇంజన్ దగ్గర ఇప్పుడు వాడేం చేస్తాడో చూడండి. దాన్ని విప్పమని, పట్టేయడానికి కారణం ఒక పేజీలో రాయమని అడగండి. ఏ భాగం ఎలా ఉంది, ఏది అనుమానం, దాన్ని ఎలా తేల్చుకున్నాడు, అన్నీ రాయాలి. ఓపిగ్గా రాసుకొస్తే వాడి చేతిలో విద్య ఉందనే లెక్క. 'ఆ మిషనే మంచిది కాదు' అని తేల్చేస్తే ఇంకొన్నాళ్లు ఆగండి.

చదువు మానడానికి మాత్రం నేను ఒప్పుకోను. ఈ రంగం మారిపోతోంది. కొత్త చిన్న పెట్రోల్ ఇంజన్ల అమ్మకాన్ని ఆపే దిశగా కాలిఫోర్నియా 2021లోనే చట్టం చేసింది. బ్యాటరీ మిషన్లు వచ్చేశాయి, కొన్ని పెట్రోల్ మిషన్లలో కార్బురేటర్‌ను ఎలక్ట్రానిక్సే సర్దుతోంది. మీవాడికి ఇంకా నలభై ఏళ్ల పని జీవితం ఉంది, అది ఒక్క స్క్రూడ్రైవర్ మీద గడవదు. ఫిజిక్స్‌లో కరెంటు పాఠాలు శ్రద్ధగా చదవాలి, కరెంటును కొలిచే మల్టీమీటర్ పట్టడం రావాలి. అప్రెంటిస్‌షిప్ ఉన్న వృత్తి విద్యా కోర్సు గానీ మెకానికల్ డిప్లొమా గానీ తీసుకుంటే, చెయిన్ సా, నీటి పంపు, జనరేటర్, పడవ ఇంజన్ దాకా దారి ఉంటుంది. వాళ్ల నాన్నగారితో 'చదువా, పనా' అన్న వాదన పెట్టుకోకండి. సెలవుల్లో మంచి వర్క్‌షాపులో పని, మిగతా రోజుల్లో చదువు అంటే ఆయనా మెత్తబడవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ లేకుండా మిషన్ ముట్టుకోనివ్వకండి. ఏళ్ల తరబడి ఆ అదురు తగిలితే వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడే జబ్బు రావచ్చు, ఆ శబ్దానికి చెవుడూ రావచ్చు. కోసేటప్పుడు చుట్టూ 15 మీటర్లలో ఎవరూ ఉండకూడదు. కింద చిక్కిన గడ్డి తీసే ముందు ఇంజన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకి తీరాలి.

కొత్త పిస్టన్ వేశాక మొదటి ట్యాంకంతా ఫుల్ రేజ్‌లో నడపవద్దని చెప్పండి. అంతకంటే ముందు, స్టార్టర్ తాడు లాగకముందే, ట్యాంకులోని ఫిల్టరూ పైపూ మార్చమనండి. మొదట లాగకపోవడానికి కారణం అక్కడే మిగిలి ఉంటే కొత్త పిస్టన్‌కీ అదే గతి పడుతుంది.