లైపోప్రోటీన్-ఎ ఎక్కువగా ఉందని రిపోర్టు వస్తే

మీ ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118, లైపోప్రోటీన్-ఎ 92 మిల్లీగ్రాములు వచ్చాయనీ, నూనె, నెయ్యి పూర్తిగా మానేసి మళ్ళీ పరీక్ష చేయించుకున్నా రెండో అంకె కదల్లేదనీ రాశారు. అది పథ్యంతో కదిలే అంకె కాదు, కాబట్టి మీ నియమంలో లోపం వెతుక్కోకండి.

కొవ్వు నీటిలో కరగదు. అందుకే రక్తంలో అది ప్రొటీన్లతో కలిసి రేణువులుగా ప్రయాణిస్తుంది. ఎల్‌డీఎల్‌ను పోలిన రేణువుకు అపో-ఎ అనే మరో ప్రొటీను అతుక్కుని ఉంటే అదే లైపోప్రోటీన్-ఎ. ఇది ఎక్కువగా ఉంటే గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. నార్వే శాస్త్రవేత్త కోరె బెర్గ్ దీనిని 1963లో గుర్తించారు. ఎవరిలో ఎంత ఉండాలన్నది చాలావరకు ఆరో క్రోమోజోము మీది జన్యువే నిర్ణయిస్తుంది, చిన్నతనంలో స్థిరపడిన స్థాయి తర్వాత పెద్దగా మారదు. మామూలు కొలెస్ట్రాల్ పరీక్షలో (లిపిడ్ ప్రొఫైల్‌లో) ఇది కనిపించదు, విడిగా అడిగి చేయించుకోవాలి.

మా అన్నయ్యకు నలభై రెండేళ్ళకే స్టెంటు వేశారు. సిగరెట్టు అలవాటు లేదు, షుగరు లేదు, కొలెస్ట్రాల్ రిపోర్టులోనూ భయపడేంత అంకె లేదు. కార్డియాలజిస్టు ఈ పరీక్ష రాసి, తోబుట్టువులందరమూ చేయించుకోవాలన్నారు. నాకూ ఎక్కువే వచ్చింది. నా మొదటి రిపోర్టు మిల్లీగ్రాముల్లో, తర్వాతది నానోమోల్స్‌లో ఉండటంతో రెట్టింపు పైగా పెరిగినట్టు కనిపించి ఇంటిల్లిపాదీ కంగారుపడ్డాం. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు, లీటరుకు 125 నానోమోల్స్ దాటితే ఎక్కువ కిందే లెక్క. అయితే అపో-ఎ ప్రొటీను సైజు మనిషి మనిషికీ మారుతుంది గనుక ఒక కొలతను గుణించి రెండోదానిలోకి కచ్చితంగా మార్చలేం. అంకె పక్కనున్న యూనిట్ చూడకుండా రెండు రిపోర్టులను పోల్చకండి.

ఎల్‌డీఎల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్రలు లైపోప్రోటీన్-ఎను తగ్గించవు, కొందరిలో కాస్త పెంచుతాయి కూడా. ఆ మాట విని మాత్రలు ఆపేసినవారిని చూసి నాకు చాలా బాధ కలిగింది. లైపోప్రోటీన్-ఎ వల్ల వచ్చే ముప్పును నేరుగా తీసేయలేనప్పుడు, దానికి తోడయ్యే ఎల్‌డీఎల్, బీపీ, షుగరు, పొగాకు వంటివాటిని మరింత గట్టిగా అదుపు చేయడమే మన చేతిలో ఉన్న మార్గం. నాకు రోసువాస్టాటిన్ అనే స్టాటిన్‌తో పాటు ఎజెటిమైబ్ అనే మరో కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చాక ఎల్‌డీఎల్ 70 లోపుకు దిగింది. మీ లక్ష్యం ఎంతో మీ డాక్టరే చెప్పాలి. మీ నాన్నగారికి గుండెపోటు ఏ వయసులో వచ్చిందో తప్పకుండా చెప్పండి, నిర్ణయంలో దానికి చాలా ప్రాధాన్యం ఉంటుంది. లైపోప్రోటీన్-ఎ గుండె కవాటాన్ని కూడా బిగుసుకుపోయేలా చేయగలదు కాబట్టి ఎకో (గుండె స్కాన్) అవసరమేమో అడగండి.

తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చిన ఈ జన్యువు ప్రతి బిడ్డకూ చేరే అవకాశం సగానికి సగం. మీ చెల్లెలికి ఏ బాధా లేదన్నారు గానీ, ఒక్కసారి ఈ పరీక్ష చేయించండి.