అమెరికా విద్యార్థుల పార్టీలకూ మన కాలేజీ పార్టీలకూ తేడా ఏమిటి?

అసలు తేడా నిర్వహణలో ఉంది. మన దగ్గర ఫ్రెషర్స్ డే అయినా ఫేర్‌వెల్ అయినా తరగతి మొత్తం చందాలు వేసుకొని, ప్రిన్సిపాల్ అనుమతి తీసుకొని, అధ్యాపకులను వేదికపై కూర్చోబెట్టి, జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, డ్యాన్సులు అయ్యాక భోజనాలతో ముగించే సభ. జూనియర్లకు స్వాగతం సీనియర్లు, సీనియర్లకు వీడ్కోలు జూనియర్లు ఏర్పాటు చేయడం ఆనవాయితీ. అమెరికాలో పార్టీలు ఎక్కువగా అద్దె ఇళ్లలోనో, ఫ్రాటర్నిటీ (మగ విద్యార్థుల సంఘం) భవనాల్లోనో జరుగుతాయి. అక్కడ ప్రసంగాలుండవు, వడ్డించే భోజనమూ అరుదే. చేతిలో ప్లాస్టిక్ గ్లాసుతో నిలబడి కబుర్లు చెప్పుకోవడమే కార్యక్రమం. తాగేది ఎవరికి వారు తెచ్చుకోమని పిలుపులోనే చెప్పడం మనవాళ్లకు పిసినారితనంగా తోచవచ్చు గాని, అక్కడ అది మామూలు విషయం.

మద్యం విషయంలో అక్కడ అడ్డే లేదనుకోవడం మాత్రం అపోహ. మద్యం కొనుగోలుకు 21 ఏళ్ల పరిమితి పెట్టకపోతే 1984 నాటి ఫెడరల్ (కేంద్ర) చట్టం వల్ల రహదారి నిధుల్లో కోత పడుతుందని 1988 నాటికి అక్కడి అన్ని రాష్ట్రాలూ ఆ పరిమితి పెట్టాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనూ పరిమితి అంతే. అమెరికాలో తాగి వాహనం నడుపుతూ పట్టుబడిన విదేశీ విద్యార్థికి, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు కావచ్చు.