వాగు పక్క వరుసల్లోనే ఆకులు మాడితే అది పొటాష్ లోపం కాదు

ప్రశ్న: కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ లోయలో 4 ఎకరాల్లో షార్డనే ద్రాక్ష వేశాం. ఆగస్టు చివరి నుంచి వాగు వైపు ఐదారు వరుసల్లో ఆకుల అంచులు మాడి రాలుతున్నాయి. పొటాష్ లోపమని డీలరు చెబితే రెండుసార్లు పిచికారీ చేశాం. తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు పొటాష్ ఆపండి. లోపమే అయితే వాగు గట్టునే పట్టుకుని ఎందుకుంటుంది? నా అనుమానం పియర్స్ తెగులు. ఆకు రాలిపోయినా కాడ అగ్గిపుల్లలా రెమ్మకే మిగిలిందా? రెమ్మ బెరడు గోధుమ రంగుకు తిరిగాక కూడా అక్కడక్కడ పచ్చటి మచ్చలున్నాయా? ఈ రెండూ ఉంటే, మాడిన ఆకుల కాడలు కోసి ఇప్పుడే ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష (తెగులు క్రిమి డీఎన్‌ఏను పట్టే పరీక్ష) చేయించండి.

ఇది మొక్క లోపలి నీటి నాళాలను పూడ్చేసే బ్యాక్టీరియా. గట్టు మీది బ్లాక్‌బెర్రీ, అడవి ద్రాక్షల నుంచి షార్ప్‌షూటర్ అనే దీపపు పురుగు మోసుకొస్తుంది. 1880లలో అనహైమ్ ద్రాక్షతోటలను తుడిచిపెట్టింది ఇదే. నేటికీ నయం చేసే మందు లేదు. గట్టి చలికి బ్యాక్టీరియా కొంత చస్తుంది గానీ, మీ లోయలా సముద్రం దగ్గరున్న చోట చలి అంత ఉండదు. ఏప్రిల్, మేలలో సోకితే మొక్కలో నిలిచిపోతుంది. ఆలస్యంగా సోకింది చాలావరకు చలికాలపు కత్తిరింపుల్లో పోతుంది.

ఎక్కువ రెమ్మలకు లక్షణాలున్న మొక్కలను వెంటనే పీకేయండి. ఒకటి రెండు రెమ్మలకే ఉంటే రిబ్బను కట్టి, వసంతంలో చిగుళ్లు గిడసబారాయేమో చూసి అప్పుడు తేల్చండి. మార్చి మొదట్లోనే వాగు అంచున పసుపు జిగురు అట్టలు కట్టి, వారం వారం పురుగులు లెక్కపెట్టండి. వరుసగా కొన్ని రోజులు 20 డిగ్రీల సెల్సియస్ దాటాక సంఖ్య ఒక్కసారిగా పెరిగితే, వాగు అంచు వరకే పురుగుమందు కొట్టండి. 4 ఎకరాలూ కొడితే డబ్బు వృథా, మేలుచేసే పురుగులూ చస్తాయి. గట్టు మీది మొక్కలను మాత్రం రాష్ట్ర వన్యప్రాణి శాఖ అనుమతి లేకుండా నరకొద్దు.

షార్డనే ఈ తెగులుకు బాగా లొంగే రకం. ఖాళీల్లో మళ్లీ అదే నాటకండి. తట్టుకునే ఐదు రకాలను 2019లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విడుదల చేసింది. తెల్ల ద్రాక్షలో ఆంబులో బ్లాంక్ చూడండి.

ఇక పొటాష్ సంగతి. అమ్మేవాడి మాట మీద ఎరువు కొనడం ఎందుకండీ? నిండు పూతలో గుత్తికి ఎదురుగా ఉన్న ఆకుల కాడలు 75 నుంచి 100 వరకు తీసి పరీక్షకు పంపండి. పొటాషియం 1.5 శాతం దాటితే ఏమీ వేయక్కర్లేదు. 1 శాతం లోపుంటేనే లోపం. ఆ కాగితం చేతికొచ్చాకే బస్తా కొనండి.