ముందు తేదీలు వెతుకు

చిరంజీవి మేనల్లుడికి,
మామయ్య ఆశీస్సులు.

మొన్న గృహప్రవేశం భోజనాల్లో నువ్వన్న మాట నా చెవిలోంచి పోవడం లేదు. "మిల్లులో నాలుగేళ్ళు చేశాను మామయ్యా, ఆ పీఎఫ్ ఎప్పుడో నీళ్ళలో కలిసిపోయి ఉంటుంది" అన్నావు. పంక్తిలో కూర్చున్నప్పుడు లెక్కలెందుకని ఊరుకున్నాను. కానీ ఇరవై తొమ్మిదేళ్ళు నూలు మిల్లు ఆఫీసులో పీఎఫ్ చలాన్లు కట్టిన వాడిని, ఆ మాట విని నిద్ర పట్టలేదు.

నువ్వు డబ్బు గురించి ఆలోచిస్తున్నావు. నేను నీ సర్వీసు గురించి చెబుతున్నాను.

నీ జీతంలో కోసినది మొత్తం పీఎఫ్‌లోకే వెళ్ళింది. యజమాని కట్టిన దాంట్లోంచి మాత్రం 8.33 శాతం పింఛను ఖాతాకు మళ్ళింది. 1995 నవంబరు 16న ఈ ఉద్యోగుల పింఛను పథకం వచ్చింది. మొదట్లో జీతం పరిమితి 5000, 2001 జూన్ నుంచి 6500, 2014 సెప్టెంబరు నుంచి 15000. పరిమితి దాటిన వాళ్ళకు పింఛను ఖాతాలో పడేది నెలకు 417, తరువాత 541, ఇప్పుడు 1250. నిద్రలో లేపి అడిగినా ఈ మూడు అంకెలు చెబుతాను. ఈ పింఛను సొమ్ముకు పీఎఫ్‌లా వడ్డీ జమ కాదు. అక్కడ లెక్కకు వచ్చేవి ఏళ్ళు. మొత్తం పదేళ్ళ సర్వీసు ఉంటే యాభై ఎనిమిది నుంచి చనిపోయే వరకు నెలనెలా పింఛను, లేకపోతే ఒకసారి ఇచ్చే చిన్న మొత్తం, అంతే.

ఇప్పుడు నీ లెక్క చూడు. మిల్లులో 1997 జూన్ నుంచి 2001 మార్చి దాకా. జీడిమెట్ల మందుల కంపెనీలో 2001 ఆగస్టు నుంచి 2006 డిసెంబరు దాకా. తరువాత ఎరువుల దుకాణం పెట్టావు, అది మనకు లెక్కలోకి రాదు. 2021లో ఆసుపత్రి స్టోర్సులో చేరావు. యాభై ఎనిమిది నిండే నాటికి అక్కడ నీకు ఎనిమిదేళ్ళే అవుతాయి. అంటే ఆ ఉద్యోగం ఒక్కటే చూపిస్తే నెలసరి పింఛను రాదు. పాత రెండూ కలిపితే దాదాపు పదిహేడేళ్ళు. జీతాన్ని ఏళ్ళతో హెచ్చవేసి 70తో భాగించడమే పింఛను సూత్రం. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసుకు 6500 కంటే ఎక్కువ జీతం లెక్కించరు కాబట్టి, ఆ తొమ్మిదేళ్ళను 6500తో హెచ్చవేసి 70తో భాగిస్తే 836 వస్తుంది. తరువాతి ఎనిమిదేళ్ళకు 15000తో లెక్కిస్తే 1714. రెండూ కలిపి నెలకు 2550. పెద్ద సొమ్మేమీ కాదు, నాకు తెలుసు. కానీ నీ తరువాత మా కోడలికి అందులో సగం వస్తుంది, అది కనీసం వెయ్యికి తగ్గదు. ఏ దుకాణం ఆమెకు అలా ఇస్తుంది?

అయితే ఇదంతా ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. జీడిమెట్లలో మానేసినప్పుడు "డబ్బు తీసేసుకున్నాను" అన్నావు. ఏ డబ్బు? పీఎఫ్ తీసుకోవడానికి ఫారం 19, పింఛను భాగం తీసుకోవడానికి ఫారం 10సి. అప్పట్లో చాలామంది మొదటి దానిమీదే సంతకం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు, రెండోది ఒకటుందని కూడా వాళ్ళకు తెలిసేది కాదు. 2007 నాటి బ్యాంకు పాస్‌బుక్కు తీసి చూడు. ఆ రెండూ వేర్వేరు ఖాతాల సొమ్ములు, సాధారణంగా వేర్వేరుగా జమ అవుతాయి. ఒక పెద్ద అంకె, కొద్ది రోజుల తేడాతో ఇంకో చిన్న అంకె కనిపిస్తే ఆ అయిదున్నరేళ్ళ సర్వీసూ పోయినట్టే, దాని ఊసు వదిలేయి. పెద్ద అంకె ఒక్కటే ఉంటే నీ సర్వీసు ఇంకా అక్కడే ఉందన్నమాట. 10సి ఇచ్చి డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్, అంటే నీ సర్వీసు రాసి ఇచ్చే పత్రం, తీసుకున్నా సర్వీసు బతికే ఉంటుంది. అది ఆకుపచ్చ సంచీలో, నీ పెళ్ళి ఫొటోల అడుగున ఉండవచ్చు. నీకు ఆ సంచీ అలవాటు నాకు తెలుసు.

మిల్లు సంగతి వేరు. అక్కడ నువ్వు ఏమీ తీసుకోలేదు కాబట్టి పీఎఫ్ సొమ్ము, పింఛను సర్వీసు రెండూ ఉన్నాయి. 2011 ఏప్రిల్‌లో మూడేళ్ళు కదలని ఖాతాలకు వడ్డీ ఆపారు. మిల్లు మూసేసిన తరువాత ఎవరో ఆ కబురే చెప్పి మీ అందరినీ నిరుత్సాహపరిచారు. 2016 నవంబరులో ఆ నిబంధన మారింది. రిటైరు కాని వాడి ఖాతాకు యాభై ఎనిమిది దాకా వడ్డీ పడుతుంది. నువ్వు చేరినప్పుడు వడ్డీ 12 శాతం, ఈ మధ్య 8.25.

ఖాతా నంబరు ఎక్కడ దొరుకుతుందని అడుగుతావు. ఏటా ఒకసారి ఆఫీసులో సన్నటి కాగితం ముక్క ఇచ్చేవాళ్ళం, వార్షిక లెక్కల స్లిప్పు. దాని పైన 'ఏపీ' అని మొదలై, తరువాత కార్యాలయం గుర్తు, సంస్థ కోడు, చివర నీ సొంత అంకె, మధ్యలో ఏటవాలు గీతలు. ఆ చివరి అంకె ఒక్కటి గుర్తున్నా సగం పని అయినట్టే. స్లిప్పు లేకపోతే పాత జీతం చీటీ, నియామకపు ఉత్తర్వు, ఈఎస్‌ఐ కార్డు, ఏదైనా సరే. ఏదీ లేకపోతే పీఎఫ్ నడిపే ఈపీఎఫ్‌ఓ సంస్థ వెబ్‌సైటులో సంస్థల వెతుకులాట ఉంది. మిల్లు పేరు కొడితే కోడు, అది ఏ కార్యాలయం కిందకు వస్తుందో కనిపిస్తాయి. పేరులో మొదటి మాట మాత్రమే కొట్టు. పూర్తి పేరు కొడితే ఒక చుక్క తేడాకే ఏమీ లేదంటుంది. నీతో పనిచేసిన వాళ్ళలో ఎవరైనా నంబరు దాచుకున్నారేమో కూడా కనుక్కో. సంస్థ కోడు అందరికీ ఒకటే.

ఇక పేరు. ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒక కార్మికుడి తండ్రి పేరు రాయవలసిన గడిలో తొందరలో పక్క వరుసలోని పేరు రాసేశాను. ఒక్కొక్కరి చందా లెక్క రాసి పీఎఫ్ ఆఫీసుకు ఏటా పంపే 3ఏ కార్డులోనూ అదే ఎక్కింది. అతను పోయాక అతని భార్య పింఛను కోసం తిరిగింది, తిరిగింది. ఒక రోజు మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆ కాగితం నా ముందు పెట్టింది. దస్తూరి చూడగానే నాదేనని తెలిసింది. నేనే వెంట వెళ్ళి సరిచేయించాను, అయిదు నెలలు పట్టింది. అందుకే చెబుతున్నాను, నీ ఆధార్‌లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, మానేసిన తేదీ ఒక కాగితం మీద రాసుకుని పాత రికార్డుతో అక్షరం అక్షరం పోల్చుకో. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరుతోనే సగం తంటా. మిల్లులో ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా వెనక ఉంటుంది. వెంకటేశ్వరరావు అని ఇంగ్లీషులో పది రకాలుగా రాసిన వాళ్ళను చూశాను. తేడా ఉంటే ఉమ్మడి ధ్రువీకరణ పత్రం (జాయింట్ డిక్లరేషన్) పెట్టాలి. దానిమీద యజమాని సంతకం కావాలి. మిల్లు మూతపడింది కాబట్టి గెజిటెడ్ అధికారి, బ్యాంకు మేనేజరు వంటి వారి ధ్రువీకరణతో ఇవ్వవచ్చు. ఏజెంటు ఎవడైనా పర్సెంటేజీ అడుగుతూ వస్తే గుమ్మం దగ్గరే పంపించు. ఈ పనులకు రుసుము లేదు. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పకు.

నీ యూఏఎన్, అంటే నీ పీఎఫ్ ఖాతాలన్నిటినీ కలిపే ఒకే నంబరు, 2021లో పుట్టింది, పాత ఖాతాలు దానికి తెలియవు. ఫారం 13 మీద వాటిని దానికి బదిలీ చేయించు. నంబరు పాతది కాబట్టి ఆన్‌లైన్‌లో మొండికేస్తే నెలనెలా 27న జిల్లాల్లో పీఎఫ్ వాళ్ళు జరిపే 'నిధి ఆప్కే నికట్' శిబిరానికి కాగితాలతో వెళ్ళు, పని అక్కడ త్వరగా కదులుతుంది. డబ్బు కొత్త ఖాతాలోకి వచ్చిందని సంబరపడి ఊరుకోకు. డబ్బు వచ్చి సర్వీసు రాని ఖాతాలు ఎన్నో చూశాను. అదే వెబ్‌సైటులో నీ సర్వీస్ హిస్టరీలో మిల్లులో చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ కనిపించాలి. కరెంటు కోతల రోజుల్లో లే ఆఫ్ ఇచ్చిన రోజులు, అంటే పని లేదని పంపేసిన రోజులు, పింఛను సర్వీసులోంచి తీసేస్తారు, దానికి గొడవ పెట్టుకోవద్దు.

ఒక్కటి మాత్రం ఇవాళే చూడు. ఆసుపత్రిలో చేరినప్పుడు పాత సభ్యత్వం గురించి అడిగే ఫారం 11 నీ చేత నింపించి ఉంటారు. "ఇదివరకు పింఛను పథకంలో సభ్యులా" అన్న చోట కాదని టిక్కు పెట్టావా? 2014 సెప్టెంబరు తరువాత 15000 దాటిన జీతంతో కొత్తగా చేరిన వాళ్ళకు పింఛను భాగం కట్టరు. నీ పీఎఫ్ పాస్‌బుక్కులో పింఛను గడిలో నెలకు 1250 పడుతుంటే సరే. సున్నా ఉంటే రేపే మీ హెచ్‌ఆర్ వాళ్ళను కలిసి పాత సభ్యత్వం చెప్పు. అది సరిదిద్దకపోతే నేను పైన వేసిన లెక్కంతా తప్పవుతుంది.

ఇంకా ఈ-నామినేషన్, అంటే నీ తరువాత ఎవరికి చెందాలో ఆన్‌లైన్‌లో రాయడం, పూర్తి చేయి. పది నిమిషాల పని.

నువ్వు మిల్లులో ఉన్నప్పటి కాగితాలు మీ అమ్మ పాత ట్రంకు పెట్టెలో వేసింది, నేను చూశాను. అడిగితే ముందు లేవంటుంది, రెండోసారి అడుగు. స్లిప్పు దొరికితే ఫొటో తీసి పంపు, వెనక వైపు కూడా. కొత్త కళ్ళజోడు వచ్చింది, చిన్న అంకెలు కూడా చదవగలుగుతున్నాను.

ఇట్లు,
మామయ్య