ఆ పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. వేగంగా వచ్చే బరువైన అయాన్లు పలుచటి రేకును తాకినప్పుడు వెలువడే ఎలక్ట్రాన్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు. ఈ టాపిక్‌తో ఉద్యోగం వస్తుందా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆ టాపిక్ పేరు మీద ఏ నోటిఫికేషనూ పడదండీ, ముందే చెప్పేస్తున్నా. కానీ ఆ పని చేస్తూ మీ అమ్మాయి నేర్చుకునేదానికి గిరాకీ ఉంది.

అసలు ఆ పనేమిటో చూడండి. అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువు. అది తాకే రేకును ముందు తయారుచేసుకోవాలి. గాజు పలక మీద నీళ్లలో కరిగే పూత పూసి, దానిపై కార్బన్‌ను ఆవిరి చేసి పట్టిస్తారు. పలకను ఏటవాలుగా, మెల్లగా నీళ్లలోకి దించితే పూత కరిగి కార్బన్ పొర తెట్టులా పైకి తేలుతుంది. దాన్ని చిల్లున్న ఫ్రేముతో కిందినుంచి ఎత్తుకోవాలి. మందం 50 నానోమీటర్లు ఉంటుందేమో, గట్టిగా ఊపిరి వదిలితే చిరుగుతుంది. వారం కష్టం నీళ్లపాలైతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది!

ఆ రేకులోంచి అయాన్ దూసుకుపోతే రెండు వైపులా ఎలక్ట్రాన్లు చిమ్ముతాయి. చాలావరకు నెమ్మదివే. కొన్ని మాత్రం అయాన్ వేగంతోనే దాని వెంట వస్తాయి. నేరుగా దెబ్బ తిన్నవైతే దానికి రెట్టింపు వేగం దాకా అందుకుంటాయి. రేకు మీద మురికి ఒక్క పొర పట్టినా లెక్క మారుతుంది. అందుకే ఛాంబర్లో పీడనాన్ని బయటి గాలి పీడనంలో లక్ష కోట్లలో ఒక వంతుకు దించాల్సి వస్తుంది. వ్యాక్యూమ్, డిటెక్టర్లు, ఎలక్ట్రానిక్స్, డేటా విశ్లేషణ – చిప్‌ల తయారీకైనా, యాక్సిలరేటర్ (అయాన్లకు వేగం ఇచ్చే యంత్రం) ఉన్న ల్యాబ్‌కైనా కావలసినవి ఇవే.

క్యాన్సర్‌కు ఇచ్చే కార్బన్ అయాన్ చికిత్సలో కణాల డీఎన్ఏను దెబ్బతీసేదాంట్లో పెద్ద వాటా ఇలాంటి ఎలక్ట్రాన్లదే. అలాగని ఈ పీహెచ్‌డీతో ఆస్పత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్ అయిపోవచ్చనుకోకండి. దానికి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఇచ్చే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా లాంటి వేరే అర్హత ఉండాలి. చాలామంది ఇక్కడే పొరబడుతుంటారు.

ఆ యాక్సిలరేటర్ మన ఊళ్లో ఉండదు. ఢిల్లీలోని ఐయూఏసీ అనే పరిశోధన కేంద్రంలో 15 మిలియన్ వోల్టుల పెల్లెట్రాన్ (ఒక రకం యాక్సిలరేటర్) ఉంది, ముంబైలో టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ ఆవరణలో మరొకటి. పోస్ట్ డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన) అంటే ఫ్రాన్స్‌లోని గానిల్, జర్మనీలోని జీఎస్ఐ ల్యాబ్‌లు గుర్తొస్తాయి. యూనివర్సిటీ విద్యార్థులు ప్రపోజల్ రాసి బీమ్‌టైమ్ (ఆ యంత్రాన్ని వాడుకునే సమయం) అడుక్కోవాలి. దొరికిన ఆ కొద్ది రోజులూ రాత్రీపగలూ షిఫ్టులే. కాబట్టి గైడ్‌ను అడగాల్సింది టాపిక్ గొప్పదా అని కాదు. ఆయనకు ఈమధ్య బీమ్‌టైమ్ వచ్చిందా? ముందు చేరినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు? ఆ సీనియర్లతో మీ అమ్మాయినే మాట్లాడమనండి. మీరు పక్కన కూర్చోకండి.

ఈలోపు సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాయించండి. ఫైనలియర్ వాళ్లూ రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటద్దె అదనం. అది రాకపోయినా అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వరకు దక్కే వీలుంది. ఫెలోషిప్ లేకుండా, సొంత ఖర్చుతో మాత్రం ఈ టాపిక్‌లో చేర్పించొద్దు. అలాంటి పరిస్థితే వస్తే బీఈడీ సంగతి అప్పుడు ఆలోచిద్దాం.