సారా పాటల కాగితాలు తిరగేసే ముందు

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి చిత్తూరు, కడప జిల్లాల్లో కల్లు, సారా వేలాలను సర్కారు ఎలా ఆపింది, మళ్లీ ఎలా తెరిచింది అన్నది నీ పరిశోధన అని చదివి చాలా సంతోషపడ్డాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఆబ్కారీ (ఎక్సైజు) శాఖలో బతికినవాణ్ని. ఈ సంగతి ఎవరో ఒకరు శ్రద్ధగా రాయాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. మన ఇంటి పిల్లే రాస్తానంటే ఇంకేం కావాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. జీవోలతో మొదలుపెట్టకు. ముందు పాట, అంటే దుకాణం నడిపే హక్కు కోసం వేసే వేలం, ఎలా జరిగేదో అర్థం చేసుకో. అది తెలియకపోతే ఏ ఆంక్ష చదివినా కాగితం మీది మాటలాగే కనిపిస్తుంది.

నేను మొదటిసారి సారా పాట చూసింది ఉద్యోగంలో చేరిన ఏడాది. కలెక్టరాఫీసు ఆవరణలో షామియానా, ధరావతు (డిపాజిట్టు) కట్టినవాళ్లకే లోపలికి పిలుపు. ముందు షరతులన్నీ గట్టిగా చదివేవారు. దుకాణం ఎన్ని గంటలకు మూయాలి, పిల్లలకు అమ్మకూడదు, హద్దు దాటి సరుకు పంపకూడదు. ఎవరూ వినేవారు కాదు. తర్వాత పాట మొదలు. ఆ రోజు ముందు వరసలో భుజాన తువ్వాలు వేసుకున్న ఒక చిన్న గుత్తదారు (కాంట్రాక్టరు) ఉన్నాడు. ధరావతు రసీదును అరచేతిలో నలిపి నలిపి పట్టుకున్నాడు, చెమటకు సిరా అలికిపోయింది. పంతానికి పోయి, తను అనుకున్నదానికి దాదాపు రెట్టింపుకు పాడాడు. మూడోసారి అని కొట్టేయగానే నవ్వలేదు, నీళ్లడిగాడు. సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చి, 'ఇంక నిద్దట్లో కూడా అమ్ముకోవాల సార్' అన్నాడు. పాట సొమ్ముకు తోడు, నెలకు ఇంత సరుకు ఎత్తి తీరాలన్న లెక్క కూడా అతని నెత్తిన ఉంది. పొద్దున చదివిన షరతులు ఆ సాయంత్రానికే చచ్చిపోయాయి.

నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే. తాగుడుకు హద్దు రాసేదీ సర్కారే, అమ్మే హక్కును ఎక్కువ పాడినవాడికి కట్టబెట్టేదీ సర్కారే. నీకు ఏ ఆంక్ష కాగితం దొరికినా, ఆ ఏడాది ఆ దుకాణం ఎంతకు పలికిందో పక్కన పెట్టుకుని చదువు. ఒకటి లేకుండా రెండోదాన్ని నమ్మకు.

ఇక తేదీలు. మన జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడి రాజాజీ కాంగ్రెస్ మంత్రివర్గం మద్యనిషేధాన్ని ముందు సేలం జిల్లాలో 1937 అక్టోబరు 1న తెచ్చింది. 1938లో చిత్తూరు, కడప, ఆ తర్వాతి ఏడాది ఉత్తర ఆర్కాటు. ఆ అక్టోబరు 1 మీద ఓ కన్నేసి ఉంచు. నా సర్వీసులో ఆబ్కారీ సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30తో ముగిసేది. పాత గుత్త గడువు తీరి కొత్త పాట అమల్లోకొచ్చే రోజన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం కూడా 1993 అక్టోబరు 1నే వచ్చింది. గడువు మధ్యలో ఆపితే పాడినవాడికి సొమ్ము వెనక్కివ్వాలి, కోర్టు గొడవలు. అందుకని నిషేధాలు పాటల పంచాంగం చూసుకుని వస్తాయి. సేలంకు కూడా ఇదే కారణమా అన్నది నువ్వు కాగితాల్లో చూసి తేల్చు.

యుద్ధం దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. వేరే దేశాల్లో యుద్ధం వస్తే మద్యం మీద కట్టుదిట్టాలు పెరిగాయి. మొదటి యుద్ధంలో ఇంగ్లండులో ఒకరు మరొకరికి మందు కొనిపెట్టడమే నేరమన్నారు, 1915లో. మన దగ్గర యుద్ధం వచ్చాక ఉన్న నిషేధమే పోయింది. మనల్ని అడక్కుండా యుద్ధంలోకి దించారని 1939 అక్టోబరు చివర్లో కాంగ్రెస్ మంత్రివర్గం దిగిపోయింది. 1935 భారత ప్రభుత్వ చట్టం 93వ సెక్షను కింద గవర్నరు పాలన వచ్చింది. 1943లో నిషేధ చట్టం అమలును నిలిపేశారు. అయిదేళ్లుగా పాట లేని చిత్తూరు, కడపల్లో దుకాణాలకు మళ్లీ దారి తెరుచుకుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, 'రద్దు' అని రాయకు. చట్టం పుస్తకంలోనే ఉంది, అమలు మాత్రమే ఆగింది. అందుకే ప్రజా ప్రభుత్వం రాగానే 1946లో దాన్ని మళ్లీ లేవనెత్తగలిగారు, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా పరిచారు. రెండోది, 1943 నిర్ణయం మీద శాసనసభ చర్చలు వెతుకుతూ రోజులు పాడుచేసుకోకు. అప్పుడు సభే నడవలేదు. 1937వీ, 1946 తర్వాతివీ చర్చలు చదువు. మధ్యలో ఏం జరిగిందో ఫైళ్లే చెప్పాలి.

ఫైళ్లకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు పో. ఆబ్కారీ అప్పట్లో రెవెన్యూ కింద ఉండేది కాబట్టి, బోర్డ్ ఆఫ్ రెవెన్యూలో 'సెపరేట్ రెవెన్యూ' అన్న విభాగం అడుగు. ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, జిల్లా గెజిట్లు కూడా తీయించు. పాట ప్రకటనలు, షరతులు అక్కడ పడతాయి. 'రెంటల్' అని కనిపిస్తే దుకాణం ఇంటి అద్దె అనుకునేవు, అది పాటలో పలికిన సొమ్ము. కల్లుకు ఆ సొమ్ము కాక, గీసే చెట్ల మీద కట్టే చెట్టు పన్ను వేరుగా ఉంటుంది, రెండూ కలిపేసి కూడిక వేయకు. తెలుగు కాగితాల్లో 'వేలం' అన్న మాట ఒక్కటే వెతికితే సగం జారిపోతాయి. హర్రాజు, గుత్త, ఇజారా, ఇవన్నీ చూడు. నిజాం ఇలాకా లెక్కలు ఎదురైతే పక్కన పెట్టు, అక్కడి ఆబ్కారీ పూర్తిగా వేరే సంసారం.

1943లో ఎందుకు నిలిపేశారన్నదానికి నీకు ఫైళ్లలో దొంగసారా పెరిగింది, సిబ్బంది చాలరు అన్న కారణాలు ఎదురవుతాయి. అవి అబద్ధాలని నేననను. తుమ్మచెక్క, బెల్లం కలిపిన ఊట కుండల్ని పగలగొట్టి పగలగొట్టి నా చేతులే అలిసిపోయాయి. కానీ రాబడి మాట ఏ పేరాలో వస్తుందో గమనించు. నిషేధంతో పోయిన ఆబ్కారీ సొమ్ముకు బదులుగానే 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. ఆ కొత్త పన్ను చేతికొస్తున్నా పాత సొమ్ము మీద ఆశ చావలేదంటే ఎందుకో, అది నీ పుస్తకంలో గట్టి అధ్యాయం కావాలి.

మనుషుల దగ్గరికి కూడా పోవాలి. అప్పటికి పెద్దవాళ్లైనవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు, ఆనాడు పిల్లలుగా ఉన్నవాళ్లూ తొంభైకి అటూ ఇటూ. ఆలస్యం చేయకు. 'మీ నాయన తాగేవాడా' అని అడగకు, మాట అక్కడే ఆగిపోతుంది. 'అంగడి ఏ వీధిలో ఉండేది అవ్వా, సంత రోజు ఎన్నింటికి మూసేవారు' అని అడుగు. అంగడి గుర్తొస్తే మిగతాదంతా వాళ్లే చెబుతారు. కల్లు గీసే ఈడిగ కుటుంబాలను తప్పకుండా కలువు. నిషేధం వచ్చినప్పుడు చెట్టు దిగి కూలికి పోయినవాళ్లు వాళ్లు, మళ్లీ తెరిచినప్పుడు పాట పాడే శక్తి లేక గుత్తదారు కింద గీసినవాళ్లూ వాళ్లే. వాళ్ల కష్టం ఏ గెజిట్‌లోనూ ఉండదు. ఆడవాళ్లను వేరుగా కూర్చోబెట్టి విను. 1992లో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం నెల్లూరు జిల్లాలో సారా పాటలనే జరగనివ్వలేదు. దుకాణం ముందు కంటే పాట దగ్గర అడ్డుకోవాలని వాళ్లకు ఎవరూ నేర్పలేదమ్మా. నేనప్పుడు సర్కారు వైపు నిలబడి ఉన్నాను. వాళ్ల వైపు ఉండాల్సిందని అప్పుడే తెలుసు.

ఆర్కైవ్స్‌కు పెన్సిల్ పట్టుకెళ్లు. ఫైలు నంబరు, తేదీ ప్రతి పేజీ మీదా రాసుకో, మళ్లీ వెతకాలంటే ఏడుపొస్తుంది. నా ట్రంకుపెట్టెలో పాత పాట షరతుల ప్రతి ఒకటుంది. నీ కాలానిది కాదు, నా సర్వీసు నాటిది. అయినా షరతులు ఏ వరసలో రాస్తారో తెలుస్తుంది. మొదటి పేజీ మూల చెదలు తిన్నాయి. దసరాకు వచ్చినప్పుడు తీసుకుపో.

ఆశీస్సులతో,
పెదనాన్న